చేత్తో నడిపితే పనిచేసే బ్యాచ్ ఫైల్, అప్లికేషన్ నుంచి నడిపితే ఎందుకు ఆగిపోతుంది?

మీ అప్లికేషన్ ఒక బ్యాచ్ ఫైల్ (విండోస్ కమాండ్లు వరుసగా ఉండే ఫైల్) రాసి వెనకాల రన్ చేస్తోంది. డబుల్ క్లిక్ చేస్తే అదే ఫైల్ చక్కగా నడుస్తోంది, అప్లికేషన్ నుంచి మాత్రం ఎర్రర్ కూడా లేకుండా సగంలో ఆగిపోతోంది. ఇంతే కదా మీ ప్రశ్న? కోడ్ చూడకుండానే చెప్పేస్తాను, ఒక ప్రోగ్రామ్ రాసేదాన్ని ఇంకో ప్రోగ్రామ్‌కు చేరవేసే అవుట్‌పుట్ పైప్ నిండిపోయింది.

నేను పాత ఉద్యోగంలో చేరేసరికి వీడియోల సైజు తగ్గించే అప్లికేషన్ ఒకటి ఇలాగే సతాయిస్తోంది. యూజర్ ఫైళ్లు ఎంచుకోగానే అది బ్యాచ్ ఫైల్ రాసి, అందులోంచి వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రామ్‌ను పిలిచేది. టెస్టింగ్‌లో వాడినవన్నీ చిన్న క్లిప్పులు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పెద్ద వీడియో ఇస్తే మాత్రం ప్రోగ్రెస్ బార్ ఒకచోట నిలిచిపోయి ఇక కదిలేది కాదు. మెషీన్ స్లో అనీ, యాంటీవైరస్ అడ్డుపడుతోందనీ తలా ఒక మాట అన్నారు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెస్ బతికే ఉంది, సీపీయూ వాడకం సున్నా. నెమ్మదిగానైనా పనిచేసే ప్రోగ్రామ్ సీపీయూ వాడుతుంది. ఇది దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన ప్రోగ్రెస్ వివరాలను మామూలు ఫలితాలు వెళ్లే స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో కాకుండా, ఎర్రర్లూ సందేశాలూ వెళ్లే స్టాండర్డ్ ఎర్రర్‌లో రాస్తుంది. మా అప్లికేషన్ రెండింటినీ తనవైపు మళ్లించుకుని, మొదటిదాన్నే చివరిదాకా చదువుతూ కూర్చుంది. రెండోది చదివేవాళ్లు లేరు. పైప్‌లో పట్టేది కొన్ని కిలోబైట్లే. అది నిండగానే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాయలేక ఆగింది, దానికోసం బ్యాచ్ ఫైల్ ఆగింది, బ్యాచ్ ఫైల్ కోసం అప్లికేషన్ ఆగింది. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఆ అక్షరాలన్నీ నల్ల విండోలోకి పోతాయి కాబట్టి గొడవే ఉండదు.

కాబట్టి రెండు స్ట్రీమ్‌లనూ ఒకేసారి చదవండి. డాట్‌నెట్‌లో బిగిన్‌అవుట్‌పుట్‌రీడ్‌లైన్, బిగిన్‌ఎర్రర్‌రీడ్‌లైన్ రెండూ పిలవాలి. పైథాన్‌లో అయితే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని కమ్యూనికేట్ మెథడ్ సరిపోతుంది. ఫైల్ ఇప్పటికే ఉంది, ఓవర్‌రైట్ చేయమంటారా అని అడిగే ప్రోగ్రామ్‌లూ ఇలాగే ఆగిపోతాయి. విండో దాచేశాక ఆ ప్రశ్న ఎవరికి కనబడుతుంది? జవాబును ముందే ఆప్షన్‌గా ఇచ్చేయాలి. వర్కింగ్ డైరెక్టరీ, అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో నడవాలో కూడా కోడ్‌లోనే ఇవ్వండి.

అసలు బ్యాచ్ ఫైల్ ఎందుకు రాస్తున్నారు? ఒక ప్రోగ్రామ్‌ను పిలవడానికే అయితే దాన్నే నేరుగా పిలిచి, ఆర్గ్యుమెంట్లను (ఫైల్ పేర్లు, ఆప్షన్ల వంటివి) లిస్ట్‌గా ఇవ్వొచ్చు. డాట్‌నెట్ కోర్ 2.1 నుంచి దీనికి ఆర్గ్యుమెంట్‌లిస్ట్ ఉంది. స్క్రిప్ట్‌లోకి వెళ్లిన ఫైల్ పేరు కోడ్ అయిపోతుంది. పేరులో & ఉంటే, కోట్స్ లేనిచోట అక్కడినుంచి కొత్త కమాండ్ మొదలవుతుంది. % గుర్తుకు కోట్స్ పెట్టినా లాభం లేదు, దాన్ని రెండుసార్లు రాయాలి. ఇక తెలుగు పేర్లున్న ఫైళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. యూటీఎఫ్-8లో సేవ్ చేసి కోడ్ పేజీని (కమాండ్ ప్రాంప్ట్ అక్షరాలను చదివే పద్ధతిని) యూటీఎఫ్-8కి చెందిన 65001కి మార్చకపోతే ఫైల్ కనబడలేదంటుంది. మార్చినా, ఫైల్ మొదట్లో బామ్ (ఎన్‌కోడింగ్‌ను తెలిపే కనబడని గుర్తు) ఉంటే మొదటి లైనే చెడుతుంది. విండోస్‌లో బ్యాచ్ ఫైళ్లకు ఇచ్చే ఆర్గ్యుమెంట్లను సరిగా ఎస్కేప్ చేయడం (ప్రత్యేక గుర్తులు కమాండ్‌గా మారకుండా చూడడం) రస్ట్ ప్రోగ్రామింగ్ భాష స్టాండర్డ్ లైబ్రరీకే తప్పిపోయి, 2024 ఏప్రిల్‌లో 1.77.2 వెర్షన్‌తో సెక్యూరిటీ ఫిక్స్ ఇవ్వాల్సి వచ్చింది. చేత్తో స్ట్రింగులు అతికించి మనం గట్టెక్కుతామా?

ఇంకో విషయం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. పని చెడిపోయినా సరే, ఆ తాత్కాలిక బ్యాచ్ ఫైల్‌ను వెంటనే డిలీట్ చేసేసి "ఆపరేషన్ ఫెయిల్డ్" అని ఒక డైలాగ్ చూపిస్తారు. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే, అంటే పని చెడితే, ఆ ఫైల్‌నూ, స్టాండర్డ్ ఎర్రర్‌లో వచ్చినదాన్నీ ఉంచండి. లేకపోతే సపోర్ట్ వాళ్లు దేన్ని చూసి సాయం చేస్తారు?

క్యాన్సిల్ బటన్ ఉంటే అదీ పరీక్షించండి. కమాండ్ ప్రాంప్ట్ ప్రాసెస్‌ను చంపినంత మాత్రాన అది మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఆగదు, వెనకాల నడుస్తూ ఫైల్‌ను పట్టుకునే ఉంటుంది. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి కిల్ మెథడ్‌కు ట్రూ ఇస్తే పిల్ల ప్రాసెస్‌లతో సహా అన్నీ ఆగుతాయి.