సిగరెట్ కాదుగా, ఆవిరేగా!

తమ్ముడూ,

రూమ్మేట్లు ముగ్గురూ వేప్ (ఈ-సిగరెట్) కొడుతున్నారనీ, "సిగరెట్ కాదుగా, ఆవిరేగా" అంటూ నీ చేతికీ అందిస్తున్నారనీ రాశావు. ప్రమాదమా కాదా అని అడిగావు గానీ, నీ మెసేజ్‌లో నాకు కనిపించిన అసలు సంగతి వేరే. వద్దంటే ఎక్కడ దూరం పెడతారోనన్న భయం. అందుకే ఊపిరితిత్తుల గురించి తక్కువ, ఒంటరితనం గురించి ఎక్కువ చెప్తాను. మొదటిది మీ బ్యాచ్ పిల్లలకి ఫోనే చెప్పేస్తుంది.

చదువు కోసం నేను విదేశంలో దిగినప్పుడు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. మీకు విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపు, రూము, రూమ్మేట్లు అన్నీ సిద్ధం. అయినా వారం తిరక్కుండానే "బోర్ అన్నా" అంటారు, నాకు నవ్వొస్తుంది. సరే, ల్యాబ్‌లో బ్రేక్ రాగానే అందరూ బయటికి పోయేవాళ్ళు. లోపలుంటే నేనూ, కంప్యూటరూ. బయటికెళ్తే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకతను పెన్‌డ్రైవ్ లాంటిది చేతిలో పెట్టాడు. మామిడిపండు వాసన. లాగితే దగ్గు కూడా రాలేదు. సిగరెట్ ముట్టనని నాన్నకి మాటిచ్చి వచ్చినవాణ్ణి, ఆ మాట తప్పలేదనే అనుకున్నాను.

దగ్గు రాకుండా చేయడంలోనే ఉంది దాని నేర్పంతా. 2015లో జూల్ అనే వేప్ బ్రాండు మార్కెట్లోకి వచ్చాక నికోటిన్ సాల్టుల వాడకం బాగా పెరిగింది. నికోటిన్‌కి కాస్త ఆమ్లం కలిపితే గొంతులో గరగర తగ్గి, ఎక్కువ మోతాదైనా మెత్తగా దిగిపోతుంది. దానికి పళ్ళ రుచులు, మెరిసే రంగులు, రీల్స్‌లో పొగ రింగులు తోడయ్యాయి. 2018లో అమెరికా ప్రభుత్వ ముఖ్య ఆరోగ్య సలహాదారైన సర్జన్ జనరల్ అక్కడి కుర్రకారులో ఇదొక ఎపిడెమిక్ అని ప్రకటించాడు. పాతికేళ్ళ వయసు దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది, అందుకే నికోటిన్ తొందరగా పట్టుకుంటుందని డాక్టర్లు చెప్పేదీ నిజమే. కానీ రుచి కోసం మొదలుపెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎవరి పక్కనో నిలబడడానికి మొదలుపెట్టినవాళ్ళే అందరూ.

ఆ తర్వాత జరిగేది విను. సిగరెట్ అయితే బయటికెళ్ళాలి, లైటర్ కావాలి, కాలిపోయాక పారేయాలి. దీనికి అయిపోవడమంటూ లేదు. వాసన నిలవదు కాబట్టి రూములోకి వచ్చేస్తుంది, అక్కణ్ణుంచి దుప్పట్లోకి. నలుగురితో కలవడానికి మొదలుపెట్టిన నేను, కొన్నాళ్ళకి నలుగురున్న చోటికి వెళ్ళడమే మానేశాను. తోడు జేబులోనే ఉంది కదా! రాత్రి మెలకువొస్తే కళ్ళు తెరవకుండానే చెయ్యి దిండు కింద వెతికేది. చార్జింగ్ అయిపోయి చివరనున్న చిన్న లైటు మిణుకుమంటే, ఫోన్‌కున్న కేబుల్ పీకి దానికి పెట్టేవాణ్ణి. ఓసారి అలాగే తెల్లారేసరికి ఫోన్ చచ్చి పడుంది. అమ్మ చేసిన కాల్స్ ఒక్కటీ తగల్లేదు. నేను చూసుకునేలోగా ఆవిడ నా స్నేహితుల ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేసి, అందరినీ హడలగొట్టేసింది.

నన్ను బాగా మోసం చేసింది మాత్రం ఇంకోటి. ఒంట్లో నికోటిన్ తగ్గేకొద్దీ చిరాకు, ఆందోళన, దేని మీదా మనసు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఇంటి మీద బెంగ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఓ పఫ్ లాగగానే నెమ్మదించేది, బెంగకి మందు దొరికిందనుకునేవాణ్ణి. నిజానికి అంతకుముందు లాగిన పఫ్ పెట్టిన లోటునే మళ్ళీ పూడ్చుకుంటున్నాను. ఈ రెంటినీ విడదీసి చూడడం నాకు చాలాకాలం తెలియలేదు. మానేసిన మొదటి రోజులు నరకమే, కొన్ని వారాలకి సర్దుకుంది. అప్పుడు మిగిలిన బెంగ చూసుకుంటే నేననుకున్నంత లేదు. ఎవరి సాయం లేకుండా నేను నెట్టుకొచ్చాను గానీ, నువ్వలా చేయక్కర్లేదు. ఇప్పటికే అలవాటైతే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళు. వాళ్ళకిది రోజూ ఉండేదే, సిగ్గుపడకు.

మీ రూములో పాత సిగరెట్ల మనిషి ఉంటే అతని లెక్క వేరు. సిగరెట్ పూర్తిగా వదిలేసి దీనికి మారితే హాని తగ్గుతుంది, రెండూ కొడితే ఏమీ ఒరగదు. ఏ అలవాటూ లేని నీకు తగ్గడానికేముంది?

"నాకు పడదు బ్రో" అను చాలు. కారణాలు మొదలెట్టావో, వాదన మొదలవుతుంది. వాళ్ళు బాల్కనీలోకి వెళ్తే నువ్వూ వెళ్ళు, ఉత్తచేతులతో మాత్రం వెళ్ళకు, నీళ్ళ బాటిలైనా పట్టుకో. ఆ ముగ్గురిలో ఒకడైనా మానేద్దామని లోలోపల అనుకుంటూనే ఉంటాడు. వాడే వచ్చి నీ పక్కన నిలబడతాడు.

రూల్స్ దేశానికో తీరు, నువ్వే చూసుకో. అమెరికాలో కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, బ్రిటన్‌లో 2025 జూన్ నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం నిషేధం, సింగపూర్‌లో దగ్గర పెట్టుకున్నా నేరమే. సెలవులకి ఇంటికి వెళ్తానన్నావు కదా, "మా కజిన్‌కి ఇచ్చెయ్" అంటూ ఎవడైనా ఓ ప్యాకెట్ అంటగట్టబోతే ఒప్పుకోకు. 2019 చట్టం ప్రకారం మనదేశంలోకి వీటిని తేవడం, అమ్మడం, నిల్వ పెట్టడం అన్నీ నిషేధం. దిగుమతికైతే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సూట్‌కేస్ నువ్వే సర్దుకో, చివరి నిమిషంలో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు.