షుగర్ దిగడం లేదంటే ఒకసారి నోరు తెరిపించి చూడండి

మీ నాన్నగారు మాత్రలు సరిగ్గానే వేసుకుంటున్నా షుగర్ దిగడం లేదనీ, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందనీ, ఈ రెండింటికీ సంబంధం ఉందా అనీ అడిగారు. ఉంది. మా అమ్మ విషయంలో కళ్లారా చూశాను.

మాది కవిటి దగ్గర పల్లెటూరు. అమ్మకి అరవై దాటాయి, షుగర్ వచ్చి పన్నెండేళ్లు. నిరుడు మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 9.2 శాతం వచ్చింది. మాత్ర డోసు పెంచినా పెద్దగా కదల్లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పొద్దున్నే తలగడ గలీబు మీద ఎర్రటి మరకలు కనిపించాయి. అడిగితే "చిగుళ్లేలే, వయసొచ్చింది కదా" అంది. భోజనం దగ్గర అసలు సంగతి తెలిసింది. అన్నం చారులో మెత్తగా పిసుక్కుని ఒక పక్కనే నమిలి మింగేస్తోంది. చిక్కుడుకాయ కూర కంచం అంచుకి నెట్టేసింది. కూరలు నమల్లేక ఆకలంతా అన్నంతోనే తీర్చుకుంటోంది. ఇక షుగర్ ఎలా తగ్గుతుంది?

శ్రీకాకుళంలో పళ్ల డాక్టరుగారికి చూపించాం. ఆవిడ గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని చిగురుకీ పంటికీ మధ్య దించి కొలిచారు. మామూలుగా అది 3 మిల్లీమీటర్లకి మించి దిగకూడదు. అమ్మకి కింది పళ్ల దగ్గర 6, 7 దాకా దిగింది. ఆ సందుల్లో గార, చీము. "ఇదే పుండు కాలి మీద ఉంటే ఇన్నాళ్లు ఊరుకునేవారా అమ్మా?" అన్నారావిడ. ఆ మాటతోనే నాకు విషయం అర్థమైంది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, పుండు మానదు. చిగుళ్ల వాపు నుంచి పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్‌ని సరిగ్గా పని చేయనివ్వవు. ఇలా రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా ఊళ్లో అందరూ భయపెట్టారు. నిజానికి గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. గార తీసేశాక ఆ కదలిక మనకి తెలుస్తుంది, అంతే. అమ్మకి మత్తిచ్చి చిగుళ్ల లోపలి దాకా నాలుగు విడతల్లో శుభ్రం చేశారు. మరీ కదిలిపోయిన రెండు పళ్లు తీసేశారు. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 8.4. ఈ మధ్యలో మందు మార్చలేదు. అలాగని అదంతా పళ్ల వల్లే అనను. చిగుళ్ల వైద్యంతో సగటున 0.4 చుట్టుపక్కల తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మిగతాది మళ్లీ కూరలు తినడం మొదలుపెట్టినందువల్ల అయుండొచ్చు.

మీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. పంటి పోటు వచ్చినప్పుడల్లా అమ్మ మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెప్పించుకుని వేసుకునేది. రెండేళ్లుగా అదే వరస. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కవిటి చుట్టుపక్కల మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకోని వీధి ఉండదు. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేల్లేదు గానీ, షుగర్ ఉన్న మనిషి ఈ మాత్రలు ఊరికే మింగితే కిడ్నీలకి చేటే. కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో అమ్మ క్రియాటినిన్ 1.4 ఉందని, అది ఎక్కువేనని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారికి కూడా ఈ పరీక్ష తప్పక చేయించండి. నొప్పి మాత్ర డాక్టర్ చెబితేనే ఇవ్వండి.

పళ్ల డాక్టర్ దగ్గరికి షుగర్ రిపోర్టులు, మందుల చీటీ పట్టుకెళ్లండి. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లయితే పన్ను తీయించే ముందే ఆ సంగతి చెప్పాలి. నోట్లోని క్రిములు రక్తంలోకి దిగి వాల్వుకి పట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, వాళ్లనే అడగండి.

మీదీ శ్రీకాకుళం వైపే అన్నారు. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా చుట్ట అడ్డపొగ తాగుతుంటే, ఆవిణ్ణి కూడా అదే రోజు తీసుకెళ్లండి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. మా అమ్మమ్మ అంగిలి తెల్లగా మారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలుండేవి. అప్పట్లో టార్చి వేసి చూడాలని మాకెవరికీ తోచలేదు.