పాఠకుల ప్రశ్నలు: పిల్లిమొగ్గతో మొదలుపెట్టండి

చెన్నైలో పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌లో చేర్పించిన, చేర్పించాలనుకుంటున్న తెలుగువాళ్లు పంపిన ప్రశ్నలివి. ఒకేలాంటి వాటిని కలిపేశాం.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్లు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జిమ్నాస్టిక్స్ నేర్పుతున్నారు. ఆ గెంతులు గెంతితే పిల్ల పొట్టిగా ఉండిపోతుందని మా అత్తగారు ఒకటే గొడవ. నిజమేనా?
(ఒక తల్లి, షోళింగనల్లూరు)

జవాబు: కాదమ్మా. టీవీలో కనిపించే ఛాంపియన్లు పొట్టిగా ఉండటానికి కారణం వేరు. గాల్లో గిరగిరా తిరగడం పొట్టివాళ్లకు తేలిక. పొడుగు పిల్లలు మధ్యలోనే వేరే ఆటల్లోకి వెళ్లిపోతారు, పొట్టివాళ్లు పైదాకా మిగులుతారు. వారానికి రెండు మూడు గంటలు నేర్చుకునే పిల్ల ఎత్తు గురించి బెంగ అక్కర్లేదు. పైగా గెంతి దిగినప్పుడల్లా పడే బరువుకు ఎముక గట్టిపడుతుంది. ఈ లాభం ఈడు రాకముందు ఏళ్లలోనే ఎక్కువ.

అయితే అత్తగారి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. చేతుల మీద పదేపదే బరువు పడితే మణికట్టులో బొటనవేలి వైపు ఎముక దగ్గర అది దెబ్బతినవచ్చు. అరచేయి నేలకు ఆనించి నొక్కినప్పుడు మణికట్టు పైభాగం నొప్పిగా ఉందంటే చేతుల మీద చేసేవన్నీ ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి. కట్టు కట్టుకుని కొనసాగించడం పనికిరాదు. రోజుకు నాలుగైదు గంటలు సాధన చేస్తూ, బరువు పెరుగుతామని తిండి తగ్గించే పిల్లల్లో ఈడు రావడం ఆలస్యం కావచ్చు. అక్కడ తప్పు తిండిది.

స్ప్లిట్స్ (కాళ్లు రెండూ చెరోవైపు నేలకు చాపడం) చేయిస్తూ మాస్టారు భుజాల మీద చేయివేసి కిందికి అదుముతుంటే మాత్రం ఆ క్లాసు మాన్పించండి. తొడ వెనక కండరం కూర్చునే ఎముకకు అతుక్కుని ఉంటుంది. అదిమితే పిల్లల్లో కండరం సాగకముందే ఆ అతుకు దగ్గర ఎముక ముక్క ఊడవచ్చు. ఒళ్లు వేడెక్కాక, క్లాసు చివర, ఒక్కో వైపు 30 సెకన్లు తనంతట తాను సాగితే చాలు.

వెళ్లి చూసేటప్పుడు నేల చూడండి. టైల్స్ మీద పలచటి యోగా మ్యాట్ పరిచి గెంతించేది జిమ్నాస్టిక్స్ క్లాసు కాదు. మొదటి నెల ఏం నేర్పుతారో అడగండి. పిల్లిమొగ్గలు, పడటం, మోకాళ్లు వంచి మెత్తగా దిగడం అంటే సరే. గాల్లో వెనక్కి మొగ్గ వేసే బ్యాక్ ఫ్లిప్ అంటే దండం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: మా చిన్నప్పటి బడి డ్రిల్లుకీ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌కీ ఏమైనా చుట్టరికం ఉందా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూరు)

జవాబు: ఉంది మాస్టారూ, అన్నదమ్ముల పిల్లల వరస. 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడింది. కుర్రాళ్లను దిట్టంగా తయారుచెయ్యాలని ఫ్రీడ్రిచ్ లుడ్విగ్ యాన్ అనే పంతులు 1811లో బెర్లిన్ పక్కన హాజెన్‌హైడెలో ఆరుబయట కసరత్తుల మైదానం తెరిచాడు. ప్యారలల్ బార్స్ (పక్కపక్కన రెండు కడ్డీలు), హారిజాంటల్ బార్ (ఎత్తున అడ్డంగా ఒకే కడ్డీ) వంటివి అక్కడినుంచే వ్యాపించాయి. కసరత్తులో రాజకీయం కలిసేసరికి 1819లో ఆయన్ను అరెస్టు చేశారు. 1820లో ఆ మైదానాల మీద పెట్టిన నిషేధం 1842 దాకా నడిచింది. ఒలింపిక్స్ ఆట ఈ శాఖది. 1896 ఏథెన్స్‌లో మగవాళ్లకు పోటీలు పెట్టారు, ఆడవాళ్లకు 1928 ఆమ్‌స్టర్‌డామ్ దాకా చోటు దొరకలేదు.

డ్రిల్లు స్వీడన్ శాఖ. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ పెట్టిన సంస్థలో పరికరాల కన్నా వరసలో నిలబడి, మాట వినపడగానే చేతులెత్తడం, వంగడం ముఖ్యం. అది ఇంగ్లండు బడుల మీదుగా మనదాకా వచ్చింది. వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడానికి 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. ఇప్పటికీ నందనంలో నడుస్తోంది. అప్పటికి మన సర్కారు జిల్లాలూ, సీమా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఇవి రాకముందే మనకు తాలింఖానాలు, దండీలు, బస్కీలు ఉన్నాయి. దొమ్మరివాళ్లు గడ మీద చేసిన విద్యకు మార్కులు వేసే జడ్జీలే లేకపోయారు.

ప్రశ్న: పదేళ్ల మా వాడు మంచం మీద హ్యాండ్‌స్టాండ్ (చేతుల మీద తలకిందులుగా నిలబడటం) వేస్తూ పడుతున్నాడు. ఇంట్లో సరిగ్గా ఎలా నేర్పాలి?
(ఒక తండ్రి, అన్నానగర్)

జవాబు: ముందు మంచం దింపండి. మెత్తటి పరుపులో అరచేయి దిగబడి మణికట్టు మరీ వెనక్కి మడుచుకుంటుంది. చేతుల కింద గట్టి నేల, పడేచోట పరుపు ఉండాలి. సాక్సులు వద్దు.

హ్యాండ్‌స్టాండ్‌కు ముందు రెండు పరీక్షలు. ప్లాంక్‌లో (బోర్లా, చేతుల మీద, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఆపడం) నడుము జారకుండా 30 సెకన్లు ఉండాలి. పిల్లిమొగ్గ వేసి చేతులు ఆనించకుండా లేవాలి. పిల్లిమొగ్గలో గడ్డం ఛాతీకి అంటాలి, నడినెత్తి నేలకు తగలకూడదు, వీపు గుండ్రంగా దొర్లాలి. నెత్తి తగులుతోందంటే చేతులు బరువు మొయ్యట్లేదని.

తర్వాత గోడకు వీపు కాదు, పొట్ట చూపించాలి. గోడ దగ్గర పాదాలు పెట్టి వంగి, భుజాల వెడల్పున అరచేతులు ఆనించి, వేళ్లు విప్పి, కాళ్లతో గోడెక్కుతూ చేతులతో గోడవైపు నడవాలి. మొదట్లో గోడకు రెండు మూడు జానల దూరం చాలు, పట్టు చిక్కాక జానెడు. మోచేతులు తిన్నగా, భుజాలు చెవుల దాకా నెట్టి, పక్కటెముకలు లోపలికి. చూపు రెండు చేతుల మధ్య నేల మీద. 10 నుంచి 20 సెకన్లు, మూడు నాలుగుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి.

అందరూ చేసే తప్పు నడుము విల్లులా వంచడం. భుజాలు పూర్తిగా తెరుచుకోకపోతే ఒళ్లు ఆ కొరతను నడుము దగ్గర తీర్చుకుంటుంది. మీరు నడుము తిన్నగా పెట్టు అని ఎంత అరిచినా లాభం లేదు, నేలను నెట్టు అనండి.

కాళ్లు విసిరి ఎక్కడం నేర్పేముందు దిగడం నేర్పండి. తూలితే ఒక చేయి పావు వంతు తిప్పి ముందుకు వేసి, కార్ట్‌వీల్‌లా (పక్కకు బండిచక్రంలా తిరిగే మొగ్గలా) పక్కకు కాళ్లు దించాలి. ఇది రానివాడే వెల్లకిలా పడతాడు.

ప్రశ్న: పదికి పది అనేవారు. ఇప్పుడు 15 అంటున్నారు. లెక్క ఏమిటి?
(ఇంటర్ విద్యార్థిని, విల్లివాక్కం)

జవాబు: 1976 మాంట్రియల్‌లో 14 ఏళ్ల నాదియా కొమనేచికి పదికి పది వస్తే, స్కోరుబోర్డులో ఆ అంకెకు చోటులేక 1.00 అని చూపించింది. 2006 నుంచి రెండు మార్కులు కలుపుతున్నారు. విన్యాసం ఎంత కష్టమో దానికొక మార్కు, దీనికి పైపరిమితి లేదు. ఎంత శుభ్రంగా చేశారన్నది 10 నుంచి మొదలై తగ్గుతుంది. చిన్న తప్పుకు 0.1, మధ్యరకానికి 0.3, పెద్దదానికి 0.5, పడిపోతే 1.0. 2016 రియోలో మన దీపా కర్మాకర్‌కు వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు ఆనించి గెంతే పోటీ) 15.066, కాంస్యం గెలిచిన స్విస్ అమ్మాయికి 15.216. తేడా 0.150. ఆ తర్వాత 2018లో మన హైదరాబాదు అమ్మాయి అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది.

ప్రశ్న: నాకు 34. ఐటీ ఉద్యోగం. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? బార్ పట్టుకుంటే చేతులు చెమటకు జారిపోతున్నాయి.
(పెరుంగుడి)

జవాబు: నిక్షేపంగా. భుజాల పట్టు, తూలకుండా నిలబడటం మెరుగవుతాయి. మీ వయసులో కండ త్వరగా బలపడుతుంది, కండను ఎముకకు కట్టే స్నాయువు మెల్లగా. అందుకే బలం వచ్చిందనిపించాక కూడా కొన్ని వారాలు అదే స్థాయిలో ఆగండి. బీపీ ఉంటే తలకిందులయ్యే ముందు డాక్టర్ని అడగండి.

చెమటకు బ్లాక్‌బోర్డు సుద్ద పనిచెయ్యదు, మెగ్నీషియం కార్బొనేట్ పొడి కొనండి. ముందు చేతులు తువ్వాలుతో పూర్తిగా తుడిచి, పలచగా రాసి, ఎక్కువైంది దులిపెయ్యండి. మన చెన్నై ఉక్కకు తడిచేతికి దట్టంగా పూస్తే అది ముద్దకట్టి ఇంకా జారుతుంది. బార్‌ను కూడా తుడవడం మర్చిపోకండి.