వొలారే పాట ఎంతోమంది పాడారు కదా, ముందు ఎవరిది వినాలి?

మీరు అడిగినవి రెండు: రీల్స్‌లో తరచూ వినిపించే "వొలారే, ఓ ఓ" పాట అసలు ఎవరిది, ఇన్ని వెర్షన్లలో ఏది ముందు వినాలి అని.

పాట ఇటాలియన్ గాయకుడు దొమేనికో మొదూన్యోది. 1958లో వచ్చింది. బాణీ ఆయనదే, సాహిత్యం ఫ్రాంకో మిల్యాచ్చితో కలిసి రాశాడు. అసలు పేరు "నెల్ బ్లూ దిపింతో ది బ్లూ", అంటే నీలం పూసిన నీలంలో అని. ఆ పేరు ఎవరికీ నోరు తిరగక కాబోలు, పల్లవిలోని వొలారే అన్న మాటే పాట పేరై కూర్చుంది.

ముందు వినాల్సింది కూడా మొదూన్యో పాడినదే. ఆయనది ఒరిజినల్ కాబట్టి అనడం లేదు. ఒరిజినల్ కంటే బాగా పాడిన రీమేకులు లోకంలో బోలెడున్నాయి. ఈ పాటలో ఒక కథ ఉంది, అది మొదటినుంచి చివరిదాకా ఆయన గొంతులోనే పూర్తిగా వినిపిస్తుంది. మిగతావాళ్ళలో చాలామంది అందులో తమకి నచ్చిన ముక్క తీసుకున్నారు.

నేను దక్షిణ ఇటలీలో బారీ అనే ఊళ్ళో చదువుకున్నాను. అక్కడ పెళ్ళిళ్ళలో, పార్టీల్లో ఈ పాట పడని రోజు లేదు. ఎక్కువగా మోగేది జిప్సీ కింగ్స్ అనే బృందం పాడిన వెర్షన్. పల్లవి రాగానే అందరూ గొంతు కలిపేవారు, నేనూ కలిపేదాన్ని. మా ఇంటి ఓనరమ్మ మాత్రం అలా పాడేది కాదు. వంటింట్లో చెక్క బల్ల ముందు కూర్చుని, పిండి ముక్కల్ని వేలితో నొక్కుతూ ఒరెక్కియెత్తె చేసేది. చిన్న చిన్న చెవి తమ్మెల్లా ఉండే ఆ ఊరి పాస్తా అది. చేతులు ఆగకుండా, దాదాపు మాట్లాడుతున్నట్టు, పాట మొదలు మాత్రమే పాడుకునేది. పల్లవి దాకా వచ్చేదే కాదు. "పల్లవి అందరికీ వచ్చు, ముందు ఇది నేర్చుకో" అని ఒక్కో లైనూ నాతో చెప్పించింది. నా ఇటాలియన్ అప్పటికి కూరగాయలు కొనే స్థాయిలోనే ఉంది, అయినా ఆ లైన్లు అర్థమైపోయాయి. అంత తేలిక మాటలు.

మన పాత సినిమా పాటల్లో పల్లవికి ముందు సాకీ ఉంటుందే, ఆ మొదలు అలాంటిది. ఇలాంటి కల మళ్ళీ రాదేమో అంటూ మొదలుపెడతాడు. కలలో చేతులకీ ముఖానికీ నీలం రంగు పూసుకున్నాడు. ఉన్నట్టుండి గాలి ఎత్తుకుపోయింది. అంతులేని ఆకాశంలో ఎగరసాగాడు. అప్పుడు వస్తుంది "వొలారే". వొలారే అంటే ఎగరడం. ఆ మాట ఎక్కడి నుంచో ఊడిపడదు, ఆ గాలి మీద ఎక్కి వస్తుంది. సాకీ లేకుండా పల్లవి వింటే హుషారుగానే ఉంటుంది గానీ, నేల విడిచినట్టు అనిపించదు.

తర్వాతి చరణం ఇంకా అందం. తెల్లారేసరికి కలలన్నీ మాయమైపోతాయి, ఎందుకంటే చంద్రుడు అస్తమిస్తూ వాటిని తనతో తీసుకుపోతాడు అంటాడు. అయినా నేను నీ కళ్ళల్లో కలగంటూనే ఉంటాను, అవి చుక్కలు కుట్టిన ఆకాశంలా నీలంగా ఉన్నాయి అంటాడు. అక్కడి నుంచి పల్లవి మారుతుంది. మొదట్లో "పైన ఉన్నందుకు ఆనందంగా ఉంది" అన్నవాడు ఇప్పుడు "ఇక్కడ కింద, నీతో ఉన్నందుకు ఆనందంగా ఉంది" అంటాడు. ఎగిరినవాడు నేల మీదకి దిగి, దిగినందుకే సంతోషపడుతున్నాడు. ఇంత పేరున్న ప్రేమపాటలో ప్రేయసి సగం పాట అయ్యాక గానీ రాదు. వచ్చాక ఆకాశం మొత్తం ఆమె కళ్ళల్లోకి దిగిపోతుంది. నాకు ఈ పాట మీద ఇంత ఇష్టం అందుకే.

ఈ నీలం రంగు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో మిల్యాచ్చి తర్వాత చెప్పాడు. మొదూన్యోతో కలిసి సముద్రానికి వెళ్ళాలని ఎదురుచూశాడట, ఆయన రాలేదు. వైన్ తాగి పడుకుని లేచేసరికి గోడ మీద షగాల్ అనే చిత్రకారుడి బొమ్మల ప్రింట్లు కనిపించాయి. షగాల్ బొమ్మల్లో మనుషులు గాల్లో తేలుతూ ఉంటారు కదా, పాటకి బీజం అక్కడ పడింది.

ఇటలీలో జరిగే సాన్రేమో పాటల పోటీలో 1958లో ఇది గెలిచింది. అప్పట్లో ఒక్కో పాటనీ ఇద్దరు వేర్వేరుగా పాడాలి. రెండోవాడు జానీ దొరెల్లి. ఆయనది నున్నటి గొంతు, పద్ధతిగా పాడాడు. మొదూన్యో మాత్రం పల్లవి దగ్గర చేతులు బార్లా చాపేశాడు. ఆయన రోమ్‌లో నటన నేర్చుకున్న మనిషి, పాటని కూడా నటించాడు. గాయకులు మైకు ముందు నిటారుగా నిలబడి పాడే కాలంలో జనానికి అది కొత్త. ఆ మార్చిలోనే నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో యూరోవిజన్ జరిగింది, అది యూరప్ దేశాల మధ్య పాటల పోటీ. మొదట పాడింది ఈయనే, ప్రసారంలో లోపం వచ్చిందని చివర్లో మళ్ళీ పాడించారు. వచ్చింది మూడో స్థానం. గెలిచింది ఫ్రాన్స్ తరఫున పాడిన ఆంద్రే క్లావో. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో హిట్ పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితా మొదలైతే, ఆ నెలలోనే ఈ పాట నంబర్ వన్‌కి చేరి, మొత్తం 5 వారాలు అక్కడ ఉంది. అదీ ఇటాలియన్‌లోనే! 1959లో మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ దీనికే వచ్చాయి.

ఇక మిగతావాళ్ళు. అమెరికన్ గాయకుడు డీన్ మార్టిన్ కూడా 1958లోనే పాడాడు. ఇంగ్లీషు మాటలు మిచెల్ పారిష్ రాశాడు. ఇందులో పల్లవితోనే మొదలు, ఆ సాకీ మధ్యలో ఎక్కడో ఇటాలియన్‌లో వస్తుంది. మార్టిన్ తండ్రి ఇటలీ నుంచి వలసవెళ్ళినవాడే, అందుకని పలికే తీరులో ఒక చనువు ఉంటుంది. సాయంత్రం పూట తీరిగ్గా వినడానికి హాయిగా ఉంటుంది, కానీ గాలి ఎత్తుకుపోయే టెన్షన్ ఏమీ ఉండదు. ఈయన ముందే ఆకాశంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబీ రైడెల్ 1960లో కుర్రకారు కోసం జోరుగా పాడితే అమెరికాలో 4వ స్థానం దాకా వెళ్ళింది. 1970ల్లో ఆల్ మార్టినో పాడాడు, గాడ్‌ఫాదర్‌లో గాయకుడి వేషం వేసింది ఆయనే. డేవిడ్ బోవీ కూడా 1980ల్లో ఒక సినిమా కోసం ఇటాలియన్‌లోనే పాడాడు, ఆసక్తి ఉంటే వినండి.

జిప్సీ కింగ్స్‌ది 1989. ఫ్రాన్స్ దక్షిణాది జిప్సీ కుటుంబాల వాళ్ళు వీళ్ళు. మొదలు స్పానిష్‌లో, పల్లవి ఇటాలియన్‌లో, కింద రుంబా అనే నాట్య లయలో గిటార్లు. పాటని పూర్తిగా తమ ఇంటి పాట చేసుకున్నారు. కలలోని ఒంటరితనం పోయి ఊరంతా కలిసి ఎగిరినట్టు ఉంటుంది. రీమేకుల్లో నేను మనస్ఫూర్తిగా ఇష్టపడేది ఇదొక్కటే. ఎందుకంటే వీళ్ళు నీలం రంగు పూసుకునే ఆ కల దగ్గరే మొదలుపెడతారు, దాన్ని వదిలేయలేదు.

ఎప్పుడైనా బారీ వైపు వెళ్తే, అక్కడి నుంచి లోకల్ రైల్లో కాసేపట్లోనే పొలిన్యానో ఆ మారే చేరుకోవచ్చు. మొదూన్యో 1928లో పుట్టిన ఊరు. సముద్రం ఒడ్డున చేతులు చాపి నిలబడిన ఆయన కంచు విగ్రహం ఉంది. దాని ముందు అందరూ అలాగే చేతులు చాపి ఫోటోలు దిగుతుంటారు.

నా మాట విని ఈ వరసలో వినండి: ముందు మొదూన్యో 1958 రికార్డింగ్, తర్వాత జిప్సీ కింగ్స్, ఆ తర్వాత డీన్ మార్టిన్. మొదటిది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సాహిత్యం పక్కన ఉంచుకుని వినండి. యూరోవిజన్ వీడియో కూడా దొరుకుతుంది, ఆయన ముఖం చూస్తూ వింటే ఇంకా మంచిది.