ముందు మనిషిని నిలబెట్టు

పెరంబూరు, చెన్నై

అమ్మలూ,

అనాటమీ మొదటి వారమే అయోమయంగా ఉందని నిన్న ఫోన్‌లో అన్నావు. ముప్పై ఏళ్లు శవాలు కోసి చూపించే డిసెక్షన్ హాల్లో పాఠాలు చెప్పినదాన్ని, నీ తడబాటు ఎక్కడిదో వెంటనే తెలిసింది. అది ఇంటర్ జువాలజీ నుంచి వచ్చింది.

అక్కడ బొద్దింకకు తల వైపు పూర్వాంతం, అంటే యాంటీరియర్; వెనక కొస పరాంతం, అంటే పోస్టీరియర్ అని నేర్చుకున్నావు. అది తప్పు కాదు. పాకే జీవికి ముందు వెళ్లేది తలే. మనిషి నిలబడ్డాడు కాబట్టి ముందుండేవి ఛాతీ, పొట్ట. అందుకే ఇప్పుడు నీకు యాంటీరియర్ అంటే పొట్ట వైపు, పోస్టీరియర్ అంటే వీపు వైపు. తల వైపుకు సుపీరియర్ అనాలి. వెంట్రల్, డోర్సల్ మాత్రం మారవు. లాటిన్‌లో వెంటర్ అంటే పొట్ట, డోర్సమ్ అంటే వీపు. జీవి ఎలా నిలబడ్డా పొట్ట పొట్టే కదా.

కాబట్టి ఏ పేరు చెప్పాలన్నా ముందు మనసులో మనిషిని నిలబెట్టు. నిటారుగా, చూపు ముందుకు, చేతులు పక్కన, అరచేతులు ముందుకు. టేబుల్ మీద బాడీ ఎలా పడుకుని ఉన్నా లెక్కలేదు. వీపు డిసెక్షన్‌కు బోర్లా తిప్పిన రోజు, పైకి కనిపించేదాన్ని యాంటీరియర్ అనేసిన పిల్లల్ని ప్రతి బ్యాచ్‌లో చూశాను. అరచేతులు ముందుకు ఉంటేనే ముంజేతిలోని రెండు ఎముకలు, బొటనవేలి వైపు రేడియస్, చిటికెనవేలి వైపు అల్నా, పక్కపక్కన ఉంటాయి. వెనక్కి తిప్పితే రేడియస్ అల్నా మీదుగా అడ్డం వస్తుంది. నీ చెయ్యి తడిమి చూడు.

పాదం దగ్గర ఇంకాస్త ఆగు. దాని పైభాగాన్ని డోర్సమ్ అంటారు. వీపు పైకెలా వచ్చిందని అడుగుతావు. గర్భంలో మొగ్గలా పుట్టిన కాలు పెరుగుతూ లోపలి వైపుకు తిరుగుతుంది, దాంతో దాని వీపు వైపు ముందుకు వస్తుంది; చెయ్యి బయటి వైపుకు తిరుగుతుంది. మోచెయ్యి ముందుకు, మోకాలు వెనక్కి మడవడం కూడా అందువల్లే. అనాటమీ మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. బొటనవేలు పైకెత్తితే తాడులా లేచే స్నాయువు ఉందే, దాని పక్కన, చిటికెనవేలి వైపు వేళ్లు ఆనించు. కొట్టుకునేది డోర్సాలిస్ పీడిస్ అనే ధమని. రేపు షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు చూసేటప్పుడు నువ్వు రోజూ వెతికే నాడి అదే.

టెన్షన్ పడకు. రోజూ పొద్దున హాస్టల్ గదిలో అలా నిలబడి, ఒళ్లు తాకుతూ పేర్లు పైకి చెప్పుకో. ఆదివారం భోజనానికి రా. శ్వాసనాళం అన్నవాహికకు ముందా, వెనకా అని అడుగుతాను, నీ గొంతు మీద వేలు పెట్టి చెప్పాలి.

నీ పెద్దమ్మ