పక్క సొసైటీ పేరుతో గ్రాంటు అడగవచ్చా?

ప్రశ్న: అంబర్‌పేటలో తొమ్మిదేళ్లుగా పిల్లలకు ఉచితంగా కబడ్డీ నేర్పిస్తున్నాం. సాయంత్రం నలభై మంది దాకా వస్తారు. మాకు రిజిస్ట్రేషన్ లేదు. చందాల డబ్బు కోచ్ సొంత ఖాతాలోనే ఉంటుంది. ప్రభుత్వ సాయం కోసం ప్రయత్నిస్తుంటే, తెలిసిన ఒకాయన తమ పాత సొసైటీ పేరు మీద దరఖాస్తు పెట్టమని, వచ్చినదాంట్లో కొంత తమకు ఇమ్మని అంటున్నారు. పెట్టవచ్చా? అమెరికాలో స్థిరపడిన మా పాత ఆటగాడు పంపే డబ్బు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: ఆ పాత సొసైటీ జోలికి వెళ్లకండి. దాని పేరుతో దరఖాస్తు పెడితే గ్రాంటు పొందేది ఆ సొసైటీయే. డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది, వాళ్లు ఇవ్వకపోతే మీకు అడిగే ఆధారం ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు వినియోగ ధ్రువీకరణ పత్రం దగ్గర వస్తుంది. శిక్షణ ఇచ్చింది తామేనని, డబ్బంతా దానికే ఖర్చయిందని వాళ్లు సంతకం చేయాలి. రెండూ అబద్ధాలే. తెలిసి అందులో పాలుపంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు మీ కోచ్ మీద కూడా రావచ్చు. తొమ్మిదేళ్లు ఉచితంగా చెమటోడ్చిన మనిషిని అక్కడి దాకా తీసుకువెళ్లకండి.

సొంత రిజిస్ట్రేషన్ మీరు భయపడుతున్నంత కష్టం కాదు. తెలంగాణలో అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. సొసైటీ పెట్టుకోదగిన ఉద్దేశాల్లో క్రీడలను ఆ చట్టమే పేర్కొంది. ఏడుగురూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోండి, ఫైలు చూసే అధికారికి మొదట అనుమానం వచ్చేది అక్కడే. పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరిని చేర్చుకుంటే మంచిది. ఉద్దేశాల్లో కబడ్డీ ఒక్కటే రాయకుండా ‘క్రీడలు, వ్యాయామ శిక్షణ’ అని రాయండి. రేపు ఖోఖో మొదలుపెడితే నియమావళిని సవరించే పని తప్పుతుంది.

రిజిస్ట్రేషన్ పత్రం చేతికి రాగానే సొసైటీ పేరు మీద పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. కోచ్ ఖాతాలోని సొమ్మును తీర్మానం చేసి అందులోకి మార్చండి. సొసైటీ వయసును రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కిస్తారు. అయినా మీ తొమ్మిదేళ్లు వృథా పోవు. హాజరు పట్టికలు, పోటీల సర్టిఫికెట్లు, పత్రికల్లో వచ్చిన వార్తలు అనుభవానికి సాక్ష్యంగా జతచేయవచ్చు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కోరే, కంపెనీ సొంతంగా పెట్టినది కాని మీలాంటి సొసైటీకి మాత్రం మూడేళ్ల పని అనుభవంతో పాటు ఆదాయపు పన్ను శాఖ నుంచి రెండు గుర్తింపులు కూడా కావాలి: సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది ఒకటి, దాతలకు పన్ను రాయితీ ఇచ్చేది మరొకటి (1961 నాటి చట్టంలో 12ఏ, 80జీ). అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టమంటున్నాను.

ఇక ఎవరిని అడగాలి? రాజ్యాంగం ప్రకారం క్రీడలు రాష్ట్ర జాబితాలోని అంశం. కాబట్టి ముందు జిల్లా యువజన, క్రీడల అధికారిని, లాల్ బహదూర్ స్టేడియంలోని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థను కలవండి. జాతీయ క్రీడా సమాఖ్యలకు కేంద్రం ఇచ్చే సాయం గుర్తింపు పొందిన సమాఖ్యలకే, దానికోసం తిరిగి చెప్పులరగదీసుకోవద్దు. గ్రాంటు ఎవరికీ హక్కు కాదు. కానీ దరఖాస్తు ఏమైందో తెలుసుకోవడం మీ హక్కు. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

డబ్బు వచ్చాకే అసలు పరీక్ష. ఒక సంఘం పెద్దలు నా దగ్గరికి చేసంచి నిండా బిల్లులు తెచ్చారు. ఒక్కటీ దొంగ బిల్లు కాదు. బూట్లు, మోకాలి క్యాపులు, బస్సు చార్జీలు, అన్నీ నిజంగా పిల్లలకే ఖర్చు పెట్టారు. కానీ సగానికి పైగా వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితాలు, అక్షరాలు మాసిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ మొత్తాన్ని ఆడిటర్ ఒప్పుకోలేదు. వాళ్లలో ఒక పెద్దాయన ఖాళీ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడటం నాకింకా గుర్తుంది. బిల్లు తెచ్చిన రోజే జిరాక్స్ తీసి, వెనుక ఏ పిల్లలకు ఏమి ఇచ్చారో రాసి, ఓచరుకు కుట్టండి. కేంద్ర గ్రాంటయితే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వినియోగ పత్రం ఇవ్వాలి. ఆ డబ్బుతో కొన్న మ్యాట్లను అనుమతి లేకుండా అమ్మకూడదు.

అమెరికా మిత్రుడి విషయంలో చూడవలసింది ఆయన ఉంటున్న దేశం కాదు, పౌరసత్వం. ఇప్పటికీ భారత పౌరుడైతే, బ్యాంకు ద్వారా పంపే ఆయన సొంత డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్టర్ కాని బృందానికీ ఇదే నియమం. సొసైటీ ఖాతా తెరిచేదాకా ఆగమని ఆయనకు చెప్పండి, ఈలోగా పాస్‌పోర్టు ప్రతి తెప్పించుకుని ఫైల్లో పెట్టుకోండి.