ఉపఎన్నిక కేసు చదివి లా అంటున్నాడు: పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. ఉపఎన్నికల నిబంధన రాజ్యాంగబద్ధమేనా అంటూ కోర్టు కేసులు చదువుతూ, లాయర్నవుతానంటున్నాడు. ఐదేళ్ల లా మంచిదా, బీటెక్ తర్వాత మూడేళ్లదా? – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: మీరడిగింది కోర్సుల పోలికే గానీ, మీ అసలు భయం వాడు చెట్టుకింద ప్లీడరుగా మిగిలిపోతాడేమోనని.

ముందు వాడి ప్రశ్న చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ ప్రకారం సీటు ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉపఎన్నిక పెట్టాలి. సభ్యుడికి మిగిలే గడువు ఏడాదిలోపైతే, లేదా ఎన్నిక కష్టమని ఎన్నికల సంఘం (ఈసీ) ధ్రువపత్రం ఇస్తే అక్కర్లేదు. 2018లో ప్రత్యేక హోదా కోసం మీ ఎంపీతో కలిపి ఐదుగురు రాజీనామా చేశారు. సీట్లు ఖాళీ అయింది జూన్ 20న, లోక్‌సభ గడువు 2019 జూన్ 3. ఏడాదికి 17 రోజులు తక్కువ! మీవాడు పట్టుకున్నది ఇదే. మే నెలలోనే ఖాళీ అయిన కర్ణాటకలోని బళ్లారి, శివమొగ్గ, మాండ్యల్లో నవంబరులో పోలింగ్ జరిగింది, నెల్లూరులో జరగలేదు. పుణెలో 2023 మార్చిలో ఎంపీ చనిపోయారు. ఏడాదికి పైగా గడువున్నా, ఎన్నిక కష్టమని ఈసీ ధ్రువపత్రం ఇచ్చింది. ఒక ఓటరు కోర్టుకెళ్తే, వెంటనే పెట్టమని డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్కడ నలిగింది సెక్షన్ కాదు, ఆ ధ్రువపత్రం.

నా సందేహమంతా ఇక్కడే. రీల్స్‌లో కనిపించే ‘రాజ్యాంగ లాయర్’ మోజు నాకు నచ్చదు. రాజ్యాంగం పేరుతో వచ్చే కేసులోనూ చివరికి తేదీలు లెక్కపెట్టాలి, ఫైలు తిరగేయాలి, వాయిదాకు నిలబడాలి. మొదటి ఏళ్లలో సీనియర్ దగ్గర చేతికొచ్చేది చాలామందికి బస్సు ఖర్చులకే సరిపోతుంది. నేషనల్ లా యూనివర్సిటీకి అప్పు చేసి పంపితే, ఆ ఈఎంఐ కట్టడానికే కార్పొరేట్ ఫర్మ్‌లో చేరాలి. ఇక హక్కుల కోసం హైకోర్టులో రిట్లు ఎవరు వేస్తారు?

అయినా, పైన అచ్చువేయలేదు గానీ, మీ బావమరిది కొడుకు అమెరికా జీతం ఉత్తరంలో రెండుసార్లు ఎందుకు రాశారండీ? మీ భయానికి వాడి నాలుగేళ్లు ఫీజుగా కట్టిస్తారా? ‘ముందు బీటెక్’ అంటే ఏడేళ్లు. నేరుగా చేరితే ఐదు. ఎంపీసీ అడ్డు కాదు. జడ్జి పరీక్షకైనా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అది రెండు దారులకీ ఒకటే.

17 రోజుల తేడాను పట్టుకున్న కుర్రాడి గురించి నాకు దిగులు లేదు. సెలవుల్లో వారం రోజులు జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, వెనక బెంచీలో మీరూ పక్కనే కూర్చోండి. వాయిదాలు చూసి విసుగొచ్చిందా, ఇంకా ప్రశ్నలొచ్చాయా అన్నది నాకు వాణ్నే రాయమనండి.